రెండో సంఖ్య దొరికేలోపు

మొదటి సంఖ్య పదకొండు నిమిషాల్లోనే దొరికింది. అంత త్వరగా దొరుకుతుందని నేననుకోలేదు, గడియారం వంక చూస్తూ ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో మొదటి వాక్యమే ఇంకా కూడబలుక్కుంటున్నాను, అంతలో బల్ల మీది ఇనుప పెట్టె ఒకసారి కూసింది, దాని ముఖాన పచ్చ దీపం వెలిగింది, వకీలమ్మ తన కాగితంలో పది ముప్పై ఒకటి అని టైము రాసుకుని కింద గీత గీసింది. ఇక రెండోది. రెండోది కూడా దొరికితే పెట్టె ఆ రెంటినీ గుణించుకుని, తాళం తయారైందని మూడుసార్లు కూస్తుంది. అప్పుడు మేం ముగ్గురం మెడలో వేసుకున్న కార్డులు వరసగా దానికి తినిపించాలి, ముందు పెద్దాయన, తర్వాత వకీలమ్మ, చివర నేను, అంతా రెండు నిమిషాల్లోపు. నా కార్డు లోపలికి వెళ్లిందంటే ఇక ఆ తాళాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు, ముప్పై ఏళ్లపాటు అదే తాళం. నేను చెప్పదలచుకున్నది ఆలోపు చెప్పాలి. లేదా ఎప్పటికీ చెప్పకుండా ఉండటం నేర్చుకోవాలి.

గదికి కిటికీ లేదు. నాలుగు కుర్చీలు, ఒక బల్ల, మూలన కెమెరా, తలుపు పక్కన కాగితపు గ్లాసులూ నీళ్ల డబ్బా. ఫోన్లు బయట అల్మారాలో పెట్టి తాళం వేయించుకున్నాక గానీ లోపలికి రానివ్వరు, వచ్చాక పని పూర్తయ్యేదాకా వెళ్లనివ్వరు, ఎవరైనా వెళ్లారంటే అంతా రద్దు, పెట్టె తనంతట తానే లోపలున్నది తుడిచేసుకుంటుంది. ఈ నియమాలు రాసిన ముగ్గురిలో నేనొకదాన్ని. రాసేటప్పుడు ఎంత బాగా రాశామో అనుకున్నాను, లోపలున్న మనిషి గొంతు ఎండిపోతే ఏం చేయాలో కూడా రాశాం, నీళ్ల డబ్బా ఉండాలి అని. లోపలున్న మనిషికి నోరు పెగలకపోతే ఏం చేయాలో రాయలేదు. చల్లటి గాలి నేరుగా నా మెడ మీదికే వస్తోంది, అయినా వీపు మీద చెమట, జాకెట్టు అంటుకుపోయింది, కుర్చీ కొంచెం జరుపుకుందామంటే ఆ చప్పుడుకు ఇద్దరూ నా వైపు చూస్తారు. చూస్తే నా ముఖంలో కనిపించేస్తుందేమో. తేలుకుట్టిన దొంగ అంటారే, అదీ నా పరిస్థితి, కుట్టిన చోటు రుద్దుకోవడానికి కూడా లేదు.

వకీలమ్మ బయటి మనిషి, సాక్షిగా ఉండటానికి వచ్చింది, ఈ లెక్కలేవీ ఆవిడకు పట్టవు, జలుబు మాత్రం బాగా పట్టింది. ముక్కు తుడుచుకుంటూ, ఇంకా ఎంతసేపు పడుతుందండీ అని అడిగింది. చెప్పలేమండీ అన్నాను. సుమారుగానైనా? సగటున ముప్పావు గంట, కానీ ఇప్పుడే దొరకొచ్చు, మూడు గంటలైనా దొరకకపోవచ్చు. గంట వెతికాం కదా, ఇక దగ్గరపడి ఉంటాం అనుకోవడానికి లేదు, ఎంతసేపు వెతికినా మొదట్లో ఎంత దూరంలో ఉన్నామో అంతే దూరంలో ఉంటాం. ఆవిడ అది విని, అయితే మా ఆయన ఉద్యోగం వెతికినట్టే అంది. పెద్దాయన చిన్నగా నవ్వాడు. నేనూ నవ్వబోయాను, పెదవులు కదిలాయి గానీ నవ్వు రాలేదు.

ఇప్పుడే దొరకొచ్చు. ఈ వాక్యం పూర్తయ్యేలోపే. పాత పద్ధతే ఉండి ఉంటే ఒక్కో సంఖ్యకూ అయిదారు గంటలు పట్టేది, పొద్దున వచ్చిన వాళ్లం సాయంత్రం దాకా కూర్చునేవాళ్లం, కూర్చుని కూర్చుని విసుగెత్తి ఏదో మాటల్లో మాటగా ఇదీ బయటికొచ్చేసేదేమో. ఆ ఆరు గంటల్ని ముప్పావు గంటకు దించింది ఎవరు? నేనే. డైరెక్టరు మొన్నటి సభలో నన్ను లేపి నిలబెట్టి, ఈవిడ మన వేగాన్ని ఎనిమిదింతలు చేసింది అన్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు, రెండో వరసలో కూర్చున్న పెద్దాయన కూడా కొట్టాడు, నేను చూశాను, మర్యాదగా, చప్పుడు రాకుండా.

ఆయనకు ఆఫీసులో పేరు ఇంకోసారి. ఎవరు పెట్టారో తెలియదు, నేను చేరేటప్పటికే ఉంది. తనిఖీ విభాగంలో ముప్పై ఏళ్లు, ఏది తెచ్చి చూపించినా కళ్లజోడు పైకి తోసుకుని, ఇంకోసారి చూద్దాం అనేవాడు. ఆయన బల్ల మీద చిన్న అట్టముక్క ఉండేది, నిదానమే ప్రధానం అని చేత్తో రాసి. ప్రధాన సంఖ్యలు వెతుక్కునే వాళ్ల ఆఫీసులో ఆ సామెత కంటే పెద్ద జోకు లేదు, కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ దాన్ని చూపించి నవ్వుకునేవాళ్లం. నాకు పని నేర్పింది ఆయనే. ప్రధాన సంఖ్య అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనిది, అది చిన్నపిల్లలకీ తెలుసు, కానీ రెండున్నర వేల అంకెలున్న సంఖ్యను భాగించి చూడటం ఎవరి తరం? అందుకని దాన్ని భాగించం, ప్రశ్నిస్తాం అనేవాడాయన, పోలీసులు అనుమానితుణ్ణి ప్రశ్నించినట్టు. ఒక్కో ప్రశ్న ఒక్కో లెక్క. నిజంగా ప్రధానమైతే ఎన్నిసార్లు అడిగినా సరైన జవాబే చెబుతుంది. దొంగ సంఖ్య ఒకసారి తప్పించుకోవచ్చు, దానికి నాలుగింట ఒక వంతు అవకాశం కూడా లేదు, రెండోసారి ఇంకా కష్టం, నలభైసార్లు అడిగామంటే దొంగ మిగలదు. నలభైసార్లూ నెగ్గినదాన్ని కూడా ఆయన ప్రధానం అనేవాడు కాదు. బహుశా ప్రధానం, అనేవాడు. బహుశా అన్న మాట ఆ నోట వింటే ఎంత భరోసాగా ఉండేదో. ఇప్పుడు అదే మాట నా లోపల తిరుగుతోంది, బహుశా ఏమీ కాదు, బహుశా ఎవరూ కనిపెట్టరు, భరోసా మాత్రం లేదు.

నేను చేసిందంతా తప్పు కాదు, అది నాకు తెలుసు, అదే నన్ను ఇంకా తినేస్తోంది. నలభై ప్రశ్నలు అనవసరం, ఇంత పెద్ద సంఖ్యలకి అయిదు చాలు, అది రుజువైన మాట. కానీ అక్కడ కలిసొచ్చే సమయం కొంచెమే, అసలు కాలమంతా పోయేది పనికిరాని సంఖ్యల మీద, ఒక్కోదానికీ ఎనిమిది సెకన్లు పెట్టి కాదని తెలుసుకుని పారేయడం మీద. చిన్న చిన్న సంఖ్యలతో తెగేవాటిని ముందే జల్లెడ పట్టాను, ఆరు గంటలు కాస్తా గంటన్నర అయింది. అక్కడ ఆగి ఉంటే ఈపాటికి నిశ్చింతగా కాళ్లు చాపుకుని కూర్చునేదాన్ని. డైరెక్టరు ఇంకా తగ్గుతుందా అని అడిగాడు. తగ్గదు అనొచ్చు. అనలేదు. తగ్గిస్తాను అన్న మాటలో ఒక రుచి ఉంది, దాని ముందు ఏ కూరా పనికిరాదు. జల్లెడ పట్టడం కూడా ఎందుకు, ముందే కలుపు తీసిన మడిలోంచి సంఖ్యల్ని ఏరుకుంటే పోలేదా అనుకున్నాను. ఒక సంఖ్యను దానితోనే మళ్లీ మళ్లీ గుణించుకుంటూ పోయి, ఆ చిన్న సంఖ్యలన్నిటి లబ్ధంతో భాగిస్తే మిగిలే శేషాల్లో ఆ కలుపు ఉండదు. అలాంటి శేషం వచ్చే సంఖ్యల్లోంచే ఎంచమని పెట్టెకు నేర్పాను. ముప్పావు గంట.

ఆ పద్ధతి చూపించిన రోజు సమావేశంలో పన్నెండుమంది ఉన్నారు. పెద్దాయన ఒక్కడే చెయ్యెత్తాడు. ముందు నలభై ప్రశ్నల గురించి అడిగాడు, దానికి జవాబు చెప్పాను. తర్వాత, మరి ఈ మడిలో లేని సంఖ్యల సంగతేంటమ్మా, వాటికి ఎప్పటికీ వంతు రాదా అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడానికి ఎదురుగా డైరెక్టరు కూర్చున్నాడు. ఆయన మళ్లీ నలభై దగ్గరికే వచ్చాడనుకుని, అనుకున్నట్టు నటించి, సార్, వేసిన తాళాన్ని నలభైసార్లు లాగి చూసేవాళ్లని డాక్టరుకి చూపిస్తారు అన్నాను. గది గొల్లుమంది. ఆయనా నవ్వాడు. నవ్వి, కలానికి మూత పెట్టుకున్నాడు. ఆ మూత పెట్టిన చప్పుడు టిక్కుమని ఇప్పుడు వినిపించినంత స్పష్టంగా ఉంది, కాదు, అది వకీలమ్మ కలం, ఆవిడ ఊరికే నొక్కుతోంది, టిక్కు, టిక్కు. పది నలభై ఎనిమిది.

అది జరిగిన రెండు నెలలకి క్యాంటీనులో లెక్కలు చూసే ఆవిడ మాటల్లో చెప్పింది, పాపం ఆయన రోజూ ఆలస్యంగా వస్తాడంటే ఎందుకొస్తాడనుకున్నారు, వాళ్లావిడకి ఆ జబ్బు, తాళం వేశాక లాగి చూడాలి, మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి, మళ్లీ లాగాలి, ఆయన పక్కన నిలబడి పడిందమ్మా, తాళం పడింది అని చెబుతుంటాడు, అలా ఎన్నిసార్లో, డాక్టర్లందరినీ చూపించారు. నా చేతిలో టీ గ్లాసు ఉంది, అది అలాగే ఉంది, ఆవిడ ఇంకేదో చెబుతూనే ఉంది. వెళ్లి క్షమించమని అడగాలనుకున్నాను. ఆ సాయంత్రం, మరుసటి రోజు, పండగ సెలవుల తర్వాత. అడగడమంటే నాకు తెలుసని ఆయనకు తెలియడం, అది ఆయనకు ఇంకా అవమానమేమో అని నాకు నేనే ఒక మంచి కారణం వెతికిపెట్టుకున్నాను. వెతకడంలో నన్ను మించినవాళ్లు లేరు కదా. ఆయన మాత్రం ఆ తర్వాత నా కాగితాల మీద ఒక్క ప్రశ్న వేయలేదు. పంపిన రోజే సంతకం పెట్టి పంపేవాడు. ఇంకోసారి గారు మారిపోయారు అని అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను, లేదు, సంతోషించలేదు, ఊపిరి పీల్చుకున్నాను, రెండూ ఒకటి కాదు.

మొన్నంతా ఈ పని రిహార్సలు చేశాం. తయారైన పది సంఖ్యల్ని నిన్న పొద్దున అచ్చు తీశాం, ఒక్కోటి ఒక్కో కాగితం నిండా. అందరూ భోజనానికి వెళ్లారు, నేను మాత్రం అవి ముందేసుకుని కూర్చున్నాను, పనేమీ లేదు, అలవాటు, కొందరు గోళ్లు కొరుక్కుంటారు, నేను భాగిస్తాను. ముప్పై ఏడుతో భాగించాను. మొదటిదానికి శేషం పది. రెండోదానికి ఇరవై ఆరు. మూడోదానికి ఒకటి. నాలుగోదానికి మళ్లీ పది. అయిదు, ఇరవై ఆరు. ఏడో కాగితానికి వచ్చేసరికి అరచేతులు తడిశాయి. ముప్పై ఏడుతో భాగిస్తే ముప్పై ఆరు రకాల శేషాలు రావాలి. మూడే వస్తున్నాయి. పది కాగితాల్లోనూ ఆ మూడే. అప్పుడు అర్థమైంది నాకు ఆ రోజు ఆయన అడిగింది. వంతు రాని సంఖ్యలు. కోటానుకోట్ల సంఖ్యల సముద్రంలోంచి ఒకదాన్ని ఎత్తామని లోకానికి చెబుతున్నాం, నేను మాత్రం పెట్టెను ఒక కుంట దగ్గరికి తీసుకెళ్లి వదిలాను. ఆ కుంట ఎక్కడుందో కనిపెట్టినవాడు మా రెండు సంఖ్యల కోసం సముద్రం గాలించనక్కర్లేదు, అవి దొరికితే తాళం వాడిదే. కనిపెట్టడం ఎంత కష్టం? నేను అన్నం మానేసి ముప్పావు గంటలో కనిపెట్టాను. అదీ ముప్పావు గంటే.

కుంట కూడా పెద్దదే కదా. నిన్న మధ్యాహ్నం నుంచి ఇదే లెక్క. చించిన కవర్ల వెనకా, కూరగాయల చీటీ వెనకా వేశాను, దొంగకి ఎన్నేళ్లు పడుతుంది, ఎన్ని యంత్రాలు కావాలి. ఒకసారి వేస్తే వందేళ్లు వచ్చింది, ఇంకొంచెం తెలివైన దొంగని ఊహిస్తే నాలుగేళ్లు, ఇంకా తెలివైన దొంగని ఊహించడం నా చేత కాలేదు, ఊహించలేకపోవడం వాడు లేడని చెప్పడం కాదు. డైరెక్టరుకి ఉత్తరం రాశాను. నాలుగు వాక్యాలు. మూడో వాక్యంలో నా తప్పు అని రాసి, కొట్టేసి, పద్ధతిలో లోపం అని రాసి, పంపకుండా మూసేశాను. రేపు పొద్దున నేరుగా చెబుతాననుకున్నాను. పొద్దున ఆయన మెట్ల దగ్గరే ఎదురొచ్చి, చరిత్ర సృష్టిస్తున్నామమ్మా అని భుజం తట్టి, బయటి అతిథుల వైపు వెళ్లిపోయాడు. తలుపు దగ్గర చెబుదామనుకున్నాను, కాపలా మనిషి ఫోను అడిగాడు, ఇచ్చాను.

ఇంతా చేసి ఈ తాళం దేనికి? మందు పంపులకి. ఆసుపత్రుల్లో మంచం పక్కన నిలబెట్టి ఉంటాయే, గంటకింత చొప్పున మందు నరంలోకి పంపే పెట్టెలు, కొత్తవి వస్తున్నాయి, నర్సు వెళ్లి తిప్పక్కర్లేదు, డాక్టరు ఉన్నచోటి నుంచే ఇంత పెంచు, ఇంత తగ్గించు అని ఆదేశం పంపొచ్చు. ఆ ఆదేశం డాక్టరుదే అని పంపు నమ్మేది ఈ తాళాన్ని బట్టి. దీని నకలు చేసుకున్నవాడు ఎక్కడో కూర్చుని ఎవరి నరంలోకైనా ఎంతైనా పంపొచ్చు. అందుకని వద్దనాలి. మా అక్క నర్సు. అక్క వార్డులో ఉన్నవి పాత పంపులు, పదేళ్లవి, మధ్యలో ఆగిపోతాయి, ఒక్కోసారి ఆగకుండా పోతాయి. పోయిన నెల ఒక పట్టపగలు, కాలు ఆపరేషనైన ఒకావిడకి మూడు గంటల మందు ఇరవై నిమిషాల్లో పోయింది. బతికింది, అక్క పరిగెత్తబట్టి బతికింది, అయినా సంజాయిషీ అక్కనే అడిగారు. నిన్న సాయంత్రం ఫోన్ చేసి, సోమవారం కొత్తవి వస్తాయటగా, నిజమేనా చంటీ అని అడిగింది. వస్తాయి అన్నాను. అందుకని ఔననాలి. వద్దంటే అక్క వార్డులో పాత పంపులు ఇంకెన్ని నెలలుంటాయో, ఆ నెలల్లో ఏ మంచం మీద ఎవరుంటారో. ఔనంటే ఎప్పుడో, ఎవడో. ఒకవైపు మంచం నెంబరుతో సహా తెలిసిన మనిషి, ఇంకోవైపు ముఖం లేని దొంగ. కళ్లెదుట ఉన్నది బరువా, కనబడనిది బరువా, తూచే తరాజు నా దగ్గర లేదు. అందులో నా కుర్చీ బరువు, నా పేరు బరువు కూడా ఏదో ఒక పళ్లెంలో దొంగతనంగా కూర్చుని ఉంటే? నేను మౌనంగా ఉంటున్నది అక్క కోసమా, చప్పట్ల కోసమా?

పదకొండు దాటి ఆరు నిమిషాలు. పెద్దాయన లేచి నీళ్లు పట్టుకుని వచ్చాడు, రెండు గ్లాసులు. ఒకటి నా ముందు పెట్టాడు. నీకు ఒంట్లో బాగా లేదా అని అడిగాడు, మెల్లిగా, వకీలమ్మకి వినపడకుండా. ఇదే సందు. ఇంతకంటే మంచి సందు దొరకదు. సార్, అన్నాను. ఊఁ అన్నాడు. చలిగా ఉంది సార్, అన్నాను. ఆయన తన శాలువా తీసి నా కుర్చీ వెనక వేశాడు, ఈ గదిలో చలి వేస్తుందని ముందే తెచ్చుకున్నాడు, అన్నీ ముందే చూసుకునే మనిషి. ఆ ఉన్ని మెడకి తగులుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, తల వంచుకుని కార్డు మీద నా ఫొటో చూసుకుంటూ కూర్చున్నాను. దొరకకు, అనుకున్నాను పెట్టెని. కాసేపు దొరకకు. ఇన్నాళ్లూ దొరుకు దొరుకు అని దానితో పోట్లాడినదాన్ని. ఎనిమిది సెకన్లు, ఒక సంఖ్య కాదు. ఎనిమిది సెకన్లు, ఇంకోటి కాదు. ఊపిరి కూడా ఎనిమిది సెకన్ల లెక్కనే పీల్చి వదులుతున్నానని కాసేపటికి గానీ తెలియలేదు. ఏదో ఒకటి జరిగి కరెంటు పోతే బాగుండు. వకీలమ్మకి దగ్గు ఎక్కువై తలుపు తీయమంటే బాగుండు. ఎవరో ఒకరు నా బదులు ఆపేస్తే బాగుండు. ఆ కోరిక ఎంత నీచంగా ఉందో కోరుకుంటుంటేనే తెలిసింది, జలుబు చేసిన మనిషికి దగ్గు రావాలని కోరుకోవడం, నలభైయేళ్లు దాటిన దాన్ని.

పదకొండు పదిహేడుకి పెట్టె మూడుసార్లు కూసింది.

వకీలమ్మ టైము రాసుకుంది. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, మెడలోంచి కార్డు తీసి పెట్టెలో పెట్టాడు, మొదటి దీపం. వకీలమ్మ ఆయన చేసినట్టే చేసింది, రెండో దీపం. ఇద్దరూ నా వైపు చూశారు. కార్డు నా చేతిలోనే ఉంది. లేచాను, బల్ల దాకా నడిచాను, అదంతా గుర్తుంది, కార్డుని పెట్టె నోటి దాకా తీసుకెళ్లాను కూడా, దాని అంచు ఆ సందుకి తగిలింది. సందు పక్కన చిన్న అంకెలు తగ్గుతున్నాయి, తొంభై ఒకటి, తొంభై. ఏం ఆలోచించానని తర్వాత చాలామంది అడిగారు. ఏమీ ఆలోచించలేదు. గంటసేపు ఆలోచించింది ఏదీ ఆ క్షణంలో నాతో లేదు. కార్డు వెనక్కి తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టాను.

"నేను పెట్టనండీ," అన్నాను.

తగ్గే అంకెల వంకా నా వంకా చూసి వకీలమ్మ, ఎక్కడో తన వరస తప్పిందేమో అనుకుని కాగితాలు తిరగేసింది. పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. నలభై. ఇరవై రెండు. ఆ నిమిషన్నర, నేను తగ్గించలేకపోయిన సమయం అదొక్కటే. సున్నా దగ్గర దీపాలు రెండూ ఆరిపోయాయి, లోపల రెండు సంఖ్యలూ చెరిగిపోయాయి. ఇప్పుడు తలుపు తెరవడానికి ముందు కారణం రాయాలండీ, మీ మాటల్లో చెప్పండి, అంది వకీలమ్మ, ఆవిడ గొంతు మారిపోయింది, అప్పటిదాకా ఉన్న జలుబు గొంతు కాదు, కోర్టు గొంతు.

"సంఖ్యల్ని ఎంచే పద్ధతి నేను రాసిందే. అందులో తప్పుంది. నిన్న మధ్యాహ్నం తెలిసింది. నిన్ననే చెప్పాల్సింది, చెప్పలేదు."

ఆవిడ అక్షరం అక్షరం రాసుకుంది. పెద్దాయన ఏం తప్పు అని అడిగాడు. ముప్పై ఏడు సంగతి చెప్పాను. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, తన ముందున్న పనుల వరస కాగితం వెనక్కి తిప్పి, పదిని పదితో గుణించి ముప్పై ఏడులు తీసేశాడు, ఇరవై ఆరు. దాన్ని మళ్లీ పదితో గుణించి తీసేశాడు, ఒకటి. ఒకటిని పదితో గుణించనక్కర్లేదు, అయినా గుణించాడు, మళ్లీ పది. పెన్సిలు అక్కడే ఆపి చాలాసేపు ఆ మూడు అంకెల్నీ చూశాడు. నేను తిడతాడని ఎదురుచూశాను. తిడితే నిలబడగలననుకున్నాను.

"ఇది ఒక పూట పని," అన్నాడు. "కూర్చుని చూస్తే ఒక పూటలో దొరికేది నాకు. చూడలేదమ్మా. ఆ రోజు తర్వాత నువ్వు రాసింది ఏదీ విప్పి చూడలేదు. సంతకం మాత్రం పెట్టాను." వకీలమ్మ వైపు తిరిగాడు. "అది కూడా రాసుకోండి మేడమ్."

"సార్, మీ ఇంట్లో ఆవిడ గురించి నాకప్పుడు తెలీదు."

"తెలిస్తే అనేదానివి కాదు. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసే మొండికేశాను."

అంతే అన్నాడు. ఆ తర్వాత వకీలమ్మ చదివి వినిపించింది, ఇద్దరం సంతకాలు పెట్టాం, ఆయన సంతకం పెట్టేముందు పై నుంచి కింది దాకా పూర్తిగా చదివాడు, ఒక చోట మధ్యాహ్నం అన్న మాటలో వత్తు పోతే దిద్దించాడు కూడా. తలుపు తెరుచుకుంది. బయట వెలుతురు కళ్లకి కొట్టింది, పట్టపగలని మరిచేపోయాను. నడవా చివర అద్దాల గదిలో అతిథులు కాఫీలు తాగుతున్నారు, మధ్యలో డైరెక్టరు, తలుపు తెరుచుకోవడం చూసి ముఖం వెలిగిపోయి లేచాడు. కాపలా మనిషి ఫోను ఇచ్చాడు. మొదట చెప్పాల్సింది డైరెక్టరుకి, అది పద్ధతి, ఆ పద్ధతి కూడా నేను రాసిందే. నేను అక్కకి ఫోన్ చేశాను.

డ్యూటీలో ఉంటే తీయదు, కానీ రెండో రింగుకే తీసింది. ఏంటే ఈ టైములో అంది. పంపులు సోమవారం రావక్కా అన్నాను. ఎందుకు అని అడగలేదు, ఎవరి వల్ల అని అడిగింది. ఇన్నేళ్ల వార్డులో అక్కకి అలవాటైన ప్రశ్న అది. నా వల్లే అన్నాను. వెనక ఏదో పంపు కీచుమని మోగుతూనే ఉంది, చక్రాల బల్ల ఒకటి వెళ్లిన చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు.

"ఎన్నాళ్లు?"

"నాలుగు నెలలనుకుంటా," అన్నాను. ఆరున్నర పట్టింది, అది అప్పటికి తెలియదు.

"ఆ పంపు నన్నే పిలుస్తోంది, ఉండు," అంది. "పెట్టెయ్యకు."

ఫోను జేబులో వేసుకున్నట్టుంది, గుడ్డ రాసుకున్న చప్పుడు, తర్వాత అక్క గొంతు దూరంగా, దీన్ని ఆపేసి పక్కకి లాగండి, చేత్తో పెడతాను అని ఎవరికో చెబుతోంది. మంచం మీది మనిషిని చెయ్యి మడవొద్దు బాబాయ్ అంది. కీచుమనే చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అక్క వాచీ చూసుకుంటూ కాబోలు, మందు చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది, ఒకటి, రెండు, మూడు, పైకే, తనకు మాత్రమే వినపడేటట్టు. నిమిషానికి ఎన్ని పడాలో అన్ని పడేదాకా గొట్టం మీది చిన్న చక్రం తిప్పుతూ లెక్కపెట్టాలట, ఎప్పుడో చెప్పింది, మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటి నుంచి. డైరెక్టరు నడవాలో దగ్గరికి వచ్చేస్తున్నాడు, నవ్వుతూ, చెయ్యి ముందుకు చాపి. ఫోను చెవి నుంచి తీయకుండా రెండో అరచెయ్యి ఆయన వైపు ఎత్తాను, ఒక్క నిమిషం అన్నట్టు. ఆయన ఆగిపోయాడు. నా ముఖం చూశాడు. చాపిన చెయ్యి మెల్లిగా దించుకున్నాడు. పదిహేడు, అంటోంది అక్క, పద్దెనిమిది. అక్కడ ఒక్క క్షణం ఆగింది, ఎక్కడో ఎవరో సిస్టర్ అని పిలిచారు, నేను ఊపిరి బిగబట్టాను.

పంతొమ్మిది, అంది అక్క.